ఇంటల్లుని కండువ

మొన్న మా మనుమరాలు పట్నంకెల్లి వచ్చి, నన్ను మంచంల ఒక పక్కకు జరిపి, మిగిలిన జాగ మొత్తం బట్టలతోని నింపింది. బట్టల డిజైన్ చదువు చదువుతాంది. వాళ్ళ కాలేజీల ఏదో పోటీ ఉన్నదట, పాతకాలపు నేతపని చూసి దాంట్లకెల్లి కొత్త వేషాలు కూర్చాల్నట. నారాయణపేట చీరె అంచు కోసి జాకెట్టు చేతులకు పెట్టింది. తండా ఆడోళ్ళు వేసుకునే అద్దాల పని ముక్కొకటి వీపుకు కుట్టింది. గొంగడి అంచుకుండే నల్ల తెల్ల మెలికలు చూసి ప్యాంటు కాళ్ళ మీద అసుంటియే గీయించింది. ఒక్కొక్కటి నా మీదనే పరుచుకొని దూరంకెల్లి చూసుకుంటాంది. నేను మంచం కోడు లెక్క కదలకుంట పండుకున్న. ఎట్లున్నది తాతా అని అడిగితే ఊకోవచ్చు గద. ఊకోలే. మీ కాలేజి పుట్టకముందే నేను గీ పని చేసిన బిడ్డా అన్న. ఎవరికి చేసినవని అడిగింది. నల్లమల అడవిలున్న దళపోళ్ళకు, పన్నెండు మందికి, తలరుమాలుకెల్లి చెప్పుల దాక అని చెప్పిన. పిల్ల నోరు తెరిచి, ఫోను తీసి, మల్ల చెప్పు తాతా రికార్డు చేసుకుంట అన్నది. ఫోను ముందట పెట్టంగనే నాకు దగ్గు వచ్చింది. వచ్చిందనే చెప్పుకుంట.

పన్నెండు మంది గాదు. ఒక్కడు. ఆ ఒక్కడు గూడ దళంల పెద్ద నాయకుడేం గాదు, మా బావ, మా అక్క పెనిమిటి. నా వయసు తొంభై అని అందరికీ చెప్తుంట, అది గూడ నాలుగేండ్లు ఎక్కువనే. ముసలోడు ఎంత ఎక్కువ చెప్తే అంత మర్యాద చేస్తరని అలవాటైంది. ఇగ ఉన్నది ఉన్నట్టు రాస్త. ఫోనుకు చెప్పుటానికి నోరు రాలే గని, కాయితానికి జర ఓపిక ఎక్కువ.

మాది నారాయణపేటకు కోసెడు దూరంల ఉండే ఊరు. ఇంట్ల రెండు గుంట మగ్గాలు, ఒకటి బాపుది, ఒకటి నాది. మా అక్కను అచ్చంపేట దిక్కు ఇచ్చినం. బావది గూడ నేత ఇల్లే, కని మనిషికి ఉర్దూ చదువు అబ్బింది, చదువుతోని పాటు కోపం గూడ అబ్బింది. రజాకార్లు ఊర్ల మీద పడ్డప్పుడు ఎర్రజెండ సంగపోళ్ళతోని కలిసిండు. పోలీస్ యాక్షన్ అయినంక, ఇగ ఇంటికొస్తడు గద అని అక్క గుమ్మంల కూసున్నది. రాలే. పారిపోయిన దొరలు మిల్ట్రి బండ్ల వెనుక మల్ల ఊర్లెకు వచ్చిన్రు, తలల మీద టోపీలు మారినయి గని తలలు అవే ఉన్నయి అని చీటీ రాసి, బావ అడవికి పోయిండు. ఆ రెండు మూడేండ్లు మనిషిని ఎవరూ మొఖం చూసి గుర్తు పట్టలేదనుకోండ్రి. ముందుగాల బట్టనే చూసేది. నిజామోళ్ళ ఎర్ర టోపీ కనవడితే తలుపేసుకున్నం, ఖాకీ కనవడితే పొలానికి ఉరికినం, కాంగ్రెసోళ్ళ తెల్ల టోపీ కనవడితే దండం పెట్టాల్నో వద్దో తెల్వక నిలవడ్డం. అక్కను మేము మా ఇంటికి తెచ్చుకున్నం. ఒక్క సంచి పట్టుకొని వచ్చి, దించిన జాగల్నే ఆ సంచిని ఏడాదిన్నర ఉంచింది. ఇప్పితే ఇక్కడనే ఉండిపోతనని భయం.

ఒక దినం పొద్దుగాల చొప్పబండిల బావ వచ్చిండు. చొప్ప కింద పండుకొని వచ్చిండు. దించేటప్పుడు చూస్తే మనిషి సగమైండు, చలిజ్వరం పట్టి పండ్లు కొట్టుకుంటున్నయి. అడవిల మందు లేదు, నడిసే శక్తి లేదు, నువ్వుంటే మాకే కష్టమని తోటోళ్ళు పంపిన్రట. షోలాపూర్ మిల్లులల్ల మా చిన్నాయిన వాళ్ళున్నరు, అక్కడికి చేరితే దవాఖాన ఉన్నది, అడిగేటోడు లేడు. మక్తల్ దాటి కృష్ణ టేషనుల రైలెక్కాలె. అంతే పని. కని మక్తల్ అంగడి కాడ పోలీసు చౌకీ ఉన్నది, ఊర్ల పేర్లతోని, మనుషుల పేర్లతోని వాళ్ళ దగ్గర పట్టీ ఉన్నది. అండ్ల మా బావ పేరున్నదని ఊరంతకు ఎరుకే.

నాలుగు దినాలు బావను నా మగ్గం గుంటల దాచినం. నేసేటోడు కాళ్ళు పెట్టుకునే గుంట అది, మనిషి ముడుచుకొని కూసుంటే సరిపోతది. మీద పలక వేసి, నేను పలక మీద కూసొని నేసిన. ఆ నాలుగు దినాలల్ల చీరెన్నర నేసిన అని చానామందికి చెప్పిన. ఉత్తదే. కాళ్ళు కింద పెట్టే జాగ లేకపోతే చీరె ఎట్ల నేస్తరు? ఎవరన్న వాకిట్లకు వస్తే పోగు దాటించే నాడెను ఊకె అటు ఇటు కొట్టి చప్పుడు చేసిన, అంతే. బావకు చలి వచ్చినప్పుడల్ల పలక వణికేది. ఒకసారి పక్కింటామె వచ్చి, మగ్గం అట్ల కదులుతుందేందిరా అంటే, కొత్త పడుగు అత్తా, బిగువు ఎక్కువున్నది అని చెప్పిన. ఆమె పోయినంక గుంటలకెల్లి బావ నవ్వుడు వినవడ్డది, నవ్వుతోని పాటు దగ్గు.

వేషం పని నాకు పడ్డది. ఎందుకంటే నేను భాగోతులోళ్ళకు వేషాలు కట్టేటోన్ని. రాజుకు కిరీటం జరిగితే సర్దుడు, ఆడవేషానికి కొప్పు పెట్టుడు, అసుంటి పనులు. ఇరవై ఏండ్ల వయసు, ఆ పనిల నన్ను మించినోడు లేడని నా నమ్మకం. రాయచూరు దిక్కు చీరెల వ్యాపారి అని అనుకున్నం. బావకు ఉర్దూ వచ్చు, కన్నడం నాలుగు ముక్కలు వచ్చు, చీరెల సంగతి పుట్టుకతోని వచ్చు. ఇగ కట్టు ఒక్కటే కావాలె. దొరికిన నాలుగు గుడ్డలు చుట్టి పంపితే అయిపోయేది. బాపు అదే అన్నడు. నాకు మనసొప్పలే.

నేనేం చేసిన్నంటే, మగ్గం మీదున్న చీరెను ముందల పెట్టుకొని బావను దాని లెక్క కూర్చిన. మా నారాయణపేట చీరె సంగతి మీకెరుకే గద, నడుమంత గళ్ళు, కింద గుడి గోపురాల అంచు, కుంకుమ రంగు కొంగు మీద తెల్ల పట్టీలు. తలకు కుంకుమ రంగు రుమాలు చుట్టిన, అది కొంగు. భాగోతులోళ్ళ పెట్టెలకెల్లి మంత్రి వేసుకునే నల్ల కోటు తెచ్చి, దాని తళుకులు ఊడదీసి, లోపల సన్న గళ్ళ అంగీ తొడిగిన, అది నడుమ భాగం. పంచెకు గోపురాల అంచు పోగు పోగుకు కలిసేటట్టు కుచ్చిళ్ళు పెట్టిన. బావను గోడకు నిలవెట్టి దూరంకెల్లి చూసిన. జ్వరం మనిషి పెండ్లి పిలగాని లెక్క అవుపడుతున్నడు. బాపు మాత్రం తల అడ్డం తిప్పిండు. సావుకార్లు గింత సక్కగుండరు, కాలరుకు మడ్డి ఉంటది, పంచెకు వక్కాకు మరక ఉంటది అన్నడు. బావ కిందికి మీదికి చూసుకొని, "బామ్మర్దీ, నన్ను దాస్తున్నవా, పెండ్లి చేస్తున్నవా?" అన్నడు.

ఇంకొక్కటి తక్కువున్నది, భుజం మీద కండువ. ఇక్కడ మా నేతోళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలె. మా దిక్కు మగ్గానికి నిలువుగ ఎక్కించిన ఒక పడుగు మీద ఎనిమిది చీరెలు దిగుతయి. ఎనిమిదోది కోసినంక కొసకు నాలుగు మూరల పడుగు మిగులుతది. దాన్ని కండువ లెక్క నేసి, చివర ఇంటి గురుతు వేస్తరు. మాది రెండు పసుపు చారలు, వాటి నడుమ సన్న నీలి పోగు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తీరు, చదువు రానోని సంతకం అనుకోండ్రి. ఆ ముక్కను అమ్మరు, ఎవరు ఎంత ఇస్తనన్న అమ్మరు. పుట్టిన పిల్లకు పొత్తిగుడ్డ చేస్తరు, లేకపోతే ఇంటల్లునికి కండువ పెడతరు. ఇంట్ల ఆ దినం ఉన్న కండువ అదొక్కటే. దాన్నే తీసిన. అక్క చూసి, "గా గురుతు లోపలికి మడిచి కుడతరా, బయటికి కనవడితే కొంప మునుగుతది" అని, తనే సూది తీసుకొని, జానెడు బట్ట లోపలికి మడిచి చుట్టూ కుట్టేసింది. బుద్ధున్న పని.

తెల్లారి నేను ఆ కుట్టు ఇప్పిన.

ఎందుకు ఇప్పినవురా అంటే ఏం చెప్పాలె. మడిచిన కాడ బట్ట మందమై, కండువ భుజం మీద కట్టె లెక్క నిలవడ్డది, జారుతలేదు. కొంగుకు కొస లేనట్టు, పాటను నడుమల ఆపినట్టు అనిపించింది. అందరు బావకు గట్క తినవెట్టే పనిలున్నరు. నేను మూలకు కూసొని పండ్లతోని దారం తెంపి, గురుతు బయటికి తీసి, నీళ్ళు చల్లి చేతితోని సాపు చేసిన. భుజం మీద వేస్తే నీళ్ళ లెక్క జారింది. కండువ కుంకుమ రంగు మీద ఆ రెండు పసుపు చారలు ఎంత బాగున్నయో ఇప్పటికీ చెప్పగలుగుత. చౌకీల ఉన్నోడు పరదేశపోడు, వానికి మన చారల సంగతేమెరుక అని నాకు నేనే చెప్పుకున్న. అక్క గడప కాడ నిలవడి బావను చూసింది. కాళ్ళకు మొక్కింది.

మక్తల్ శివారు దాక బండి మీద పోయి దిగినం. అంగడి నిండుగున్నది. బావ ముందు, చీరెల మూట పట్టుకొని నేను వెనుక, నడుమ యాభై అడుగులు. బావ పక్కపొంటి నడిసి చౌకీ దాటించిన అని ఒకప్పుడు చెప్పేటోన్ని. వెనుకనే ఉన్న, అది గూడ పల్లికాయల గంపల చాటున. చౌకీ కాడ జమాదారు ఉత్తరాదోడు, తెలుగు రాదు. పక్కన మన దిక్కు పోలీసు ఒకడు కూసొని పట్టీ తిరగేస్తున్నడు. బావ నిలవడి ఉర్దూల మాట్లాడిండు, రాయచూరు వ్యాపారినని, షోలాపూర్ పోయి నూలు కొనాల్నని. గొంతు వణకలే. జమాదారు ఆయన తలరుమాలు చూసి, కోటు చూసి, కుర్చీల సర్దుకొని కూసున్నడు. పో అని చెయ్యి ఊపిండు. చెయ్యి ఊపుడు నేను కండ్లార చూసిన. నా కట్టు గెలిచిందని లోపల్నే ఎగిరిన.

అప్పుడే మా చీరెల సావుకారి ఎదురొచ్చిండు. ఇరవై ఏండ్లకెల్లి మా ఇంటి చీరెలు కొనే మనిషి, బాపు అంటే పానం. బావను పెండ్లిల బాసింగం కట్టుకున్నప్పుడు ఒక్కసారి చూసిండు, మొఖం ఎరుక లేదు. అసలు ఆయన మొఖాలు చూడడు, ఎవరు ఎదురొచ్చిన ముందుగాల అంచు చూస్తడు. చూసిండు. చెయ్యి చాపి కండువ కొస పట్టుకొని, బొటనవేలితోని ఆ చారలను రుద్దిండు. మొఖం విచ్చుకున్నది. మా బాపు పేరు తీసి, ఇది వాళ్ళ మగ్గం బట్టనే గద అన్నడు. బావ ఉర్దూల్నే, కొనుక్కున్న అని చెప్పిండు. సావుకారి నవ్విండు. బట్ట సంగతుల తనను మోసం చేస్తున్నరని ఆయనకు పంతం వచ్చింది.

"కొనుడేంది? గీ చారల ముక్క వాళ్ళు నాకే అమ్మరు. ఇంటల్లునికే పెడతరు. నువ్వు అచ్చంపేట అల్లుడవు గావా?"

పట్టీ తిరగేసేటోడు తల ఎత్తిండు.

బావ ఉరకలే. ఉరికే శక్తి గూడ లేదు. భుజం మీది కండువ చూసుకున్నడు. అప్పుడే చూసిండు గురుతు బయటున్నదని. కొసను మెల్లగ లోపలికి మడిచి చంకల పెట్టుకున్నడు. అంగడంత ఒకసారి చూసి, పల్లికాయల గంపల చాటున నన్ను కండ్లతోనే పట్టుకొని, రావద్దన్నట్టు తల కొంచెం కదిలించిండు. సావుకారి దిక్కు తిరిగి, "మీ కండ్లు చానా మంచియి సావుకారీ" అన్నడు. తెలుగుల్నే అన్నడు. ఇగ దాసుకునేది ఏమున్నది.

ఇంటికి పోయినంక అడిగిన్రు, ఏమైందిరా అని. సావుకారి గుర్తు పట్టి చెప్పిండు, పోలీసులు పట్టుకున్నరు అన్న. దాంట్ల ఒక్క అబద్ధం లేదు. నా జీవితంల నేను ఎక్కువ చేయకుంట చెప్పిన మాట అదొక్కటే, అదే అన్నింటికంటే పెద్ద అబద్ధమైంది. కుట్టు ఇప్పిన సంగతి మింగిన. నా మాట ఇంట్లకెల్లి వాడకు పోయింది, వాడకెల్లి పేటకు పోయింది. వారం తిరగకముందే సావుకారి పోలీసుల మనిషి అయిండు. ఆ దినాలల్ల ఆ పేరు పడ్డోనికి రెండు దిక్కులా సావే. నేతోళ్ళు చీరెలిచ్చుడు బంద్ చేసిన్రు. దుకాణం తలుపుకు ఎవరో తారు పూసిన్రు. బాపు కాడికి వచ్చి, నేను ఎరుక లేక అన్న, బట్ట చూసిన సంబురంల అన్న అని ఏడ్చిండట. బాపు ఆయనకు పీట వెయ్యలే. నేను మగ్గం మీద కూసొని నాడె కొడుతున్న. ఈసారి గుంటల ఎవరూ లేరు, కాళ్ళు పెట్టుకునే జాగ ఉన్నది, అయినా ఒక్క పోగు సక్కగ పడలే. నెల దాటినంక రెండు బండ్లల్ల సామాను వేసుకొని వాళ్ళు రాయచూరు పోయిన్రు.

బావ మూడేండ్లకు జైలుకెల్లి వచ్చిండు. జ్వరం పోయింది, జైలు దవాఖానల్నే పోయిందట. కుడిచెయ్యి వేళ్ళు మూడు మాత్రం పోలీసు దెబ్బలకు ముడుచుకున్నయి, నాడె పట్టరాదు. మళ్ళ ఎన్నడూ నెయ్యలే. అక్క పక్కన కూసొని ఎడమచేతితోని రాట్నం తిప్పి కండెలు చుట్టేటోడు. నేను ఒకనాడు ధైర్యం చేసి, బావా ఆ దినం కండువ, అని మొదలువెట్టిన. ఆయన రాట్నం ఆపకుంట, దారం తెగుతది బామ్మర్దీ, జర ఆగు అన్నడు. ఆగిన. ఆయన పోయేదాక ఆగిన.

రాయచూరుల ఒకసారి సావుకారి కనవడ్డడు. చిన్న సందుల తువ్వాలలు అమ్ముతున్నడు. పాయె, ఇవ్వాళ చెప్పేద్దామని పోయిన. నన్ను గుర్తు పట్టి స్టూలు వేసిండు, బాపు ఎట్లున్నడని అడిగిండు, బావ చెయ్యి సంగతి విని కండ్లు తుడుచుకున్నడు. "నలభై ఏండ్లు బట్ట పట్టిన్న. నోరు పట్టుటం చాతగాలే నాకు" అన్నడు. నేను చెప్పాల్సిన మాట అప్పుడు నాలిక కొసకు వచ్చింది. వస్తే ఏం లాభం, ఒక తువ్వాల కొనుక్కొని వచ్చిన.

చివరికి అక్కకు చెప్పిన. ఆమె పోయే ఏడాది ముందు, ఇద్దరం ముసలోళ్ళమై వాకిట్ల పాత నూలు చిక్కు తీసుకుంట కూసున్నప్పుడు. అక్కా, నువ్వు వేసిన కుట్టు నేనే ఇప్పిన అన్న. దాసుకున్న మాట గద, గట్టిగనే వచ్చింది. అక్క చిక్కు తీసుడు ఆపలే.

"నాకెరుకే" అన్నది. "గడప కాడ చూసిన. చారలు బయటున్నయి."

మరి చెప్పలేదేంది అన్న.

"ఏడాదిన్నర అడవులల్ల ఎవని గొంగడో కప్పుకున్నడు, ఎవని అంగీనో తొడుక్కున్నడు. ఆ దినం మనింటల్లుని లెక్క కనవడ్డడు. జరసేపు అట్లనే కనవడనీ అనుకున్న. ఊరు దాటినంక నువ్వన్న మడుస్తవనుకున్న."

ఇద్దరం మల్ల నూలు చిక్కు తీసుకుంట కూసున్నం. పొద్దు గోడ మీదికెల్లి దిగింది. కుట్టు ఇప్పింది నేనని నేను మోసిన, నోరు జారింది తానని సావుకారి మోసిండు, చూసి ఊకున్నది తానని అక్క మోసింది, చూసుకోకుంట భుజానేసుకున్నది తానని బావ గూడ మోసే ఉంటడు. ఒక్క దినంల జరిగిన ఒక్క తప్పును నలుగురం ఎవరికి వాళ్ళం మొత్తం మోసుకుంట తిరిగినం. పంచుకునేటందుకు యాభై ఏండ్ల కాలం మా ముందటనే ఉండె, మా వాకిట్లనే కూసొని ఉండె, ఒక్కలం గూడ దాని మొఖం చూడలే.